పసిమనస్సు - ప్రజాధనము

బిడ్డకు మూడు దినములు జ్వరము విడువకున్నచో, ఎంత పేదయింటనైనను తల్లి కొంగుముడి విప్పి వైద్యునికడకు పరుగెత్తును. అదే బిడ్డ మూడు మాసములు మాట మాని మూలను కూర్చుండినచో, సిగ్గనియో, మొండితనమనియో, దృష్టి తగిలినదనియో చెప్పుకొని యూరకుందుము. జ్వరమునకు మందిచ్చు సర్కారు ఆసుపత్రి లేదన్నచో గ్రామమంతయు గోలపెట్టును. మనస్సు చెడిన బిడ్డ విషయమున సర్కారు చేయవలసినది యొకటి కలదన్న తలంపే మనకు రాదు. ఈ భేదమునకు కారణమేమి? బాలబాలికల మనోవ్యాధులకు చికిత్స చేయించు వ్యయమును ప్రజాధనమునుండి భరించుట న్యాయమా, లేక అది తల్లిదండ్రుల స్వంతవ్యవహారమా? ఇది బడ్జెటు లెక్కల ప్రశ్నవలె కన్పట్టును గాని, నా యభిప్రాయమున మొదట ధర్మమునకు సంబంధించిన ప్రశ్న, పిమ్మటనే లెక్కలకు సంబంధించినది.

మన పూర్వులు ఈ విషయమును బొత్తిగ తలంపలేదనరాదు. ఆయుర్వేదముయొక్క యెనిమిది యంగములలో కౌమారభృత్యము శిశుచికిత్సకును, భూతవిద్య మనోవికారములకును ఏర్పడినవి. అయినను పసిబిడ్డల వికారములు పెక్కు బాలగ్రహముల ఖాతాలో వ్రాయబడెను. గ్రహము పట్టినదన్నప్పుడు దోషము బిడ్డది కాదు, తల్లిది కాదు. ఇందు కొంత దయ కలదని యొప్పుకొనవలెను. నేడు మనము గ్రహమును వెడలగొట్టితిమి గాని, ఆ స్థానమున శాస్త్రమును నిలుపక బిడ్డనే దోషిగ నిలిపితిమి. సోమరి, మొద్దు, మందమతి యను నేటి బిరుదులకంటె నాటి గ్రహములే మేలేమో!

ఈ బాధ యెందరికున్నదో చూతము. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములయందు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, 13 మొదలు 17 ఏండ్లవరకు గల బాలబాలికలలో నూటికి 7.3 మందికి ఏదో యొక మనోవ్యాధి కలదని తేలినది. అనగా 40 మంది కూర్చుండు తరగతిలో ఇంచుమించు ముగ్గురు. (మన రెండు తెలుగు రాష్ట్రములును ఆ 12 లో చేరలేదు.) మనోవ్యాధులలో సగము 14 ఏండ్ల వయస్సునాటికే తలయెత్తునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇక జాతీయ నేరనమోదు సంస్థ లెక్కప్రకారము, 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. దినమునకు 35 మందికి పైగా. దినమునకొక తరగతిగది ఖాళీ యగుచున్నదన్నమాట. ఈ మరణములన్నియు వ్యాధివలననే కలిగినవనుట శాస్త్రసమ్మతము కాదు. అప్పులు, అవమానములు, పరీక్షలు, ఇంటిలోని కలహములు, కారణములెన్నియో కలవు. కాని వినెడి మనుష్యుడొకడు సమయమునకు దొరకియుండినచో ఇందెందరో మిగిలియుందురని నమ్ముటకు వైద్యుడు కానక్కరలేదు.

"కన్నవారు చూచుకొనవలసినదానికి సర్కారేమి?" యని పెద్దమనుష్యులు కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. తల్లియొడి చేయు పనిని ఏ యుద్యోగియు చేయజాలడు. ఉమ్మడి కుటుంబములున్న కాలమున, తండ్రి గద్దించిన బిడ్డకు తాతచాటు, తల్లి కొట్టిన బిడ్డకు మేనత్తచాటు ఉండెడిది. నేటి రెండుగదుల యింటిలో ఆ చాటు లేదు. కాని ఆ యుమ్మడి కుటుంబములే పరువు పేరిట పెరటిగదిలో దాచిన బిడ్డలను గూడ మరువరాదు. అన్నకు వచ్చిన మనోవ్యాధిని చెల్లెలి పెండ్లి యగువరకు కప్పిపుచ్చిన యిండ్లు మన చదువరులలో పెక్కుమంది యెరిగినవే.

చదువు విషయమునను ఒకప్పుడు ఇట్టి వాదములే వినబడెను. 1911లో గోపాలకృష్ణ గోఖలే ప్రాథమికవిద్యను నిర్బంధము చేయగోరి బిల్లు ప్రవేశపెట్టినప్పుడు, అంత ధనమెక్కడిదని సర్కారువారును, పొలములకు కూలివాండ్రు దొరకరని భూస్వాములును అడ్డుపడిరి. 1912లో అది వీగిపోయెను. విద్య బాలుని హక్కని రాజ్యాంగమున వ్రాయుటకు 2002 వరకును, చట్టముగ చేయుటకు 2009 వరకును పట్టినది. బడికి ప్రజాధనము వ్యయపరచుట తల్లిదండ్రుల ధర్మమునకు భంగమని నేడెవరు నందురు? పాఠము చెవికెక్కని మనస్సుతో బిడ్డ ఆ బడిలో కూర్చుండినచో, బడికి పెట్టిన ధనము మాత్రమేమగును?

పేదలు తమ బిడ్డలను పట్టించుకొనరని నిందించుట తేలిక. నేనెరిగిన తల్లి యొకతె కలదు, పొలముకూలి. ఆమె కూతురు తొమ్మిదవ తరగతిలో నుండగా తండ్రి పోయెను. ఆ పిల్ల మాట తగ్గించెను, అన్నము తగ్గించెను, తుదకు బడికి వచ్చియు పుస్తకము తెరవని స్థితికి వచ్చెను. తల్లి మొదట దర్గాకును, పిమ్మట అమ్మవారి గుడికిని, ఆపైన ఊరి ఆరెంపీ వైద్యునికడకును తిప్పి, మేము చెప్పినమీదట జిల్లా ఆసుపత్రికి గొనిపోయెను. అచ్చటి డాక్టరు మంచివాడు. ఓపికతో వినెను, మందు ఉచితముగ నిచ్చెను, పదునైదు దినముల కొకమారు రమ్మనెను. ఆమె రెండుమార్లు పోయెను, మూడవమారు పోలేదు. ఏల పోలేదని యడిగితిని. "బస్సుకు టిక్కెట్టు లేదు, మందుకు డబ్బు లేదు గానీ సారూ, పోయిన రోజు కూలి ఎవరిస్తారు?" అనెను. ఈ తల్లికి లోపించినది ప్రేమయా, వివేకమా?

చట్టము ఈ తల్లి పక్షముననే యున్నది. 2017లో పార్లమెంటు చేసి 2018 మే 29 నుండి అమలుపరచిన మానసికారోగ్య సంరక్షణ చట్టము, సర్కారు నడపునట్టియో, సర్కారు ధనముతో నడచునట్టియో సేవలనుండి చికిత్స పొందుట ప్రతి మనుష్యుని హక్కని 18వ సెక్షనులో చెప్పినది. ఆ సేవలలో బాలుర మానసికారోగ్యసేవ పేరెత్తి చెప్పబడినది. జిల్లాలో సర్కారు సేవ లేనిచో, మరియొకచోట పొందిన చికిత్సకు సర్కారే వ్యయము భరింపవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, చేత కార్డు లేకున్నను, చికిత్స ఉచితము. కాగితముపై ఇంతకంటె ఉదారమైన మాట కోరరాదు.

ఇప్పుడు ఆ కాగితము ప్రక్కన పద్దుపుస్తకము పెట్టి చూతము. 2023-24 కేంద్ర బడ్జెటులో ఆరోగ్య కుటుంబసంక్షేమ మంత్రిత్వశాఖకు 89,155 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. అందు నేరుగ మానసికారోగ్యమునకు చేరినది 919 కోట్లు, ఇంచుమించు నూటికొకటి. ఈ 919 లో 721 కోట్లు ఒక్క నిమ్హాన్సు సంస్థకే. దేశజనులకెల్ల పంచినచో తలకు ఏడు రూపాయలకు లోపు. పిల్లలకని వేరు పద్దు లేదు. రాష్ట్రములు తమ వంతు వేరుగ వ్యయపరచుననుట నిజమే. 1996లో ఆరంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమము క్రింద జిల్లాకు ఏటికి 83.20 లక్షల రూపాయలవరకు ఈయవచ్చునని నిర్ణయించిరి. 20 లక్షల జనులున్న జిల్లాలో ఇది తలకు నాలుగు రూపాయలు. ఒక కప్పు టీ రాదు. ఆ నాలుగు రూపాయలలోనే డాక్టరు జీతము, మనస్తత్త్వవేత్త జీతము, నర్సు జీతము, మందులు, శిక్షణ, ప్రచారము అన్నియు జరుగవలెను. ధనమే కాదు, మనుష్యులును కొరతయే. మన దేశమున లక్ష జనులకు మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమే యుండగా, లక్షకు ముగ్గురుండవలెనన్నచో ఇంకను 27,000 మంది కావలెనని పార్లమెంటు స్థాయీసంఘము 2023లో చెప్పినది. లక్ష జనులకు పూర్తిగ ఒక్క వైద్యుడైన లేడన్నమాట.

"ధనవంతులు దానము చేయరాదా?" యను ప్రశ్నయు కలదు. చేసిరి. బొంబాయిలో టాటావారి ధనముతో 1936లో స్థాపింపబడిన సాంఘికసేవా విద్యాలయము మరుసటి యేటనే బాలమార్గదర్శక చికిత్సాలయమొకటి తెరచెను. అది మన దేశమున ఆ తరహాకు నాంది. కాని దానము దారి చూపగలదు గాని దేశమంతట దారి వేయజాలదు. 1946లో భోరు కమిటీ లెక్కించినప్పుడు దేశము మొత్తమున పిచ్చాసుపత్రుల పడకలు పదివేలకు కొంచెము మించి మాత్రమే యుండెను. బొంబాయి దాత ఇచ్చిన ధనముతో ఆదిలాబాదు గూడెములోని బిడ్డకు వైద్యుడు రాడు.

ఇంతవరకు చెప్పినది పేదరికమునకు సంబంధించిన వాదము. ఇది మాత్రమే యైనచో, ధనమున్నవారి బిడ్డల సంగతి వారే చూచుకొందురు, పేదలకు మాత్రము సర్కారు సాయము చాలునని చెప్పవచ్చును. నేనంతటితో తృప్తిపడను. బిడ్డ మనస్సు విషయమున ధనమెవరిదను ప్రశ్నలో మరియొక ప్రశ్న దాగియున్నది: సాయము చేయువాడు ఎవరికి జవాబుదారి?

పెద్దవాడు తన జబ్బునకు తన డబ్బుతో వైద్యుని పిలుచుకొనును. నచ్చనిచో మరియొకనికడకు పోవును. బిడ్డకు డబ్బు లేదు, వాహనము లేదు, సంతకము లేదు. 2017 చట్టప్రకారము 18 ఏండ్లు నిండనివారికి సంరక్షకుడే ప్రతినిధి. అతడు బిడ్డ మేలు చూడనప్పుడు మాత్రము బోర్డువారు మరియొకరిని నియమింపవచ్చును. ఈ యేర్పాటు తప్పనజాలము, ఎవరో యొకరు నిర్ణయింపవలెను గదా. కాని బిడ్డ బాధకు కారణము ఆ సంరక్షకుడే యైనప్పుడు? తాగివచ్చి తల్లిని కొట్టు తండ్రినిగూర్చి, చేయి వేయు బంధువునిగూర్చి, ర్యాంకు రానిచో ముఖము చూపవద్దన్న యన్ననుగూర్చి చెప్పవలసిన బిడ్డ, వారి సొమ్ముతోనే, వారు వెంటనుండగనే, వైద్యుని యెదుట నోరు తెరచునా? 2022 అక్టోబరు 10న టెలి మానస్ యను టెలిఫోను సేవను సర్కారువారు ప్రారంభించిరి. 14416 నంబరునకు ఏ వేళనైనను, మన భాషలోనే, ఉచితముగ మాటలాడవచ్చును. ఇది మెచ్చదగిన పని. కాని యింటిలో ఫోను తండ్రిది. హాస్టలులో ఫోను నిషిద్ధము. బిడ్డ సాయము కోరు త్రోవ లన్నియు పెద్దల చేతులమీదుగనే పోవుచున్నవి.

మన రెండు రాష్ట్రములలో ఈ సంకటము మరింత పదునెక్కినది. పదవ తరగతి కాగానే లక్షలకొలది పిల్లలను హాస్టలు కాలేజీలలో చేర్చి, తెల్లవారకముందు లేపి రాత్రి పదివరకు చదివించు పద్ధతి మనకు అలవాటైపోయినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు శిక్షణ పొందుచుండిన 17 ఏండ్ల బాలిక యొకతె 2023 జూలైలో మరణించెను. ఆ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, మానసికారోగ్యము 21వ అధికరణములోని జీవించు హక్కునందు భాగమని నిశ్చయించి, చట్టము వచ్చువరకు దేశమంతట పాటింపవలసిన 15 నిబంధనలు విధించెను. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను కనీసము ఒక యర్హతగల కౌన్సెలరో, మనస్తత్త్వవేత్తయో, సాంఘికసేవకుడో ఉండవలెననుట వానిలో ఒకటి. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగ విడదీయరాదనుట మరియొకటి. ఈ తీర్పు ఆంధ్రదేశమున పుట్టిన వ్యాజ్యమునుండి వచ్చినదని మనము గర్వింపవలెనో, తలవంచుకొనవలెనో చదువరులే యోచింతురుగాక.

తీర్పు గొప్పదే. కాని ఆ కౌన్సెలరు జీతమెవరిత్తురు? కాలేజివారే యిత్తురు. ఒక్క క్షణము ఆ కౌన్సెలరు కుర్చీలో కూర్చుండి చూడుడు. ఒక పిల్లవాడు వచ్చి, నిద్ర లేదు, లెక్చరరు అందరియెదుట తిట్టుచున్నాడు, ఇంటికి పోవలెనన్నచో పంపుట లేదు అని చెప్పెను. ఆ బిడ్డకు సరియైన మందు రెండు నెలలు ఇంటిలో ఉండుటయే. ఆ మాట వ్రాసి యిచ్చినచో కాలేజికి ఒక ర్యాంకు పోవును, ఒక ఫీజు చిక్కున పడును. పైగా ఈ మాట నలుగురు బిడ్డల విషయమున వ్రాసినవాడు వచ్చే యేట ఆ కుర్చీలో నుండునా? ఆ కౌన్సెలరు దుర్మార్గుడు కానక్కరలేదు. అప్పులున్న సంసారి యైన చాలును. "రెండు నెలలు ఓర్చుకో, పరీక్షలైపోవును" అనును. ఆ మాట బిడ్డ మేలు కోరియే యన్నానని తానును నమ్మును. ఉప్పు తిన్నవాని మాట యెటు మొగ్గునో మన భాషకు చిరకాలమునుండి తెలియును.

కావున పిల్లల మానసికసేవకు ప్రజాధనము కావలెనని నేననుట, పేదలపై జాలిచేత మాత్రమే కాదు. వారి మాట వినువాడు వారి తండ్రికిగాని, వారి కాలేజికిగాని కూలివాడు కారాదు. ధనవంతుని బిడ్డకును ఈ సేవ ప్రజాధనమునుండియే లభింపవలెననుటకు కారణమిదే. కాలేజీలు ఈ బాధ్యతనుండి తప్పించుకొనవలెనని నా తాత్పర్యము కాదు. వారి వలన రావలసిన పైకమును విద్యార్థుల సంఖ్యనుబట్టి వసూలుచేసి జిల్లా నిధిలో జమకట్టి, ఆ నిధినుండి జిల్లా మానసికారోగ్య బృందమే కౌన్సెలరులను నియమించి, మూడేండ్లకొకమారు బదిలీ చేయుచుండినచో, ప్రిన్సిపాలు గది తలుపు తట్టవలసిన పని వారికుండదు.

ఇక్కడ తెలివైన చదువరి యొకరు నన్ను నిలదీయుదురు. "సర్కారు మాత్రము నిష్పక్షపాతియా? పరీక్షలు పెట్టునదెవరు, ఫలితములు ప్రకటించునదెవరు?" అని. ఈ ప్రశ్న బలమైనది. 2019 ఏప్రిలులో తెలంగాణములో ఇంటరు ఫలితములు వెలువడినప్పుడు మార్కుల నమోదులో తప్పులు దొర్లినవి. ప్రభుత్వము నియమించిన త్రిసభ్యసంఘమే లోపములను ఎత్తిచూపెను. ఆ దినములలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఏ మరణమునకు ఏ తప్పు కారణమో తేల్చుట కష్టము. అయినను ఆనాడు సర్కారు జీతముపైనున్న కౌన్సెలరు, తనను నియమించిన సర్కారు చేసిన పొరపాటు ఈ బిడ్డను కుంగదీసినదని ధైర్యముగ వ్రాయగలిగెడివాడా?

రాజు ప్రజలకు తండ్రివంటివాడని మన కావ్యములు చెప్పుటకు అలసిపోలేదు. నాకు ఆ యుపమానము ఈ విషయమున భయము కలిగించును. తండ్రి చాలనప్పుడు మనము వెదకునది రెండవ తండ్రిని కాదు. ఆంగ్లతత్త్వజ్ఞుడు మిల్లు 1859లో ప్రకటించిన స్వేచ్ఛావిషయక గ్రంథమున, బిడ్డలకు చదువు చెప్పింపుమని సర్కారు నిర్బంధింపవచ్చును, పేదలకు ఫీజు చెల్లింపవచ్చును, కాని చదువునెల్ల తన చేతిలో పెట్టుకొనరాదని వాదించెను. చదువు విషయమున అతనితో నేను పూర్తిగ నేకీభవింపను, సర్కారు బడి లేనిచో మా యూరిలో బడియే లేదు. అయినను ధనమిచ్చుట వేరు, ఆజ్ఞాపించుట వేరు అను అతని భేదము ఈ ప్రకరణమునకు చక్కగ నతుకును. జడ్జి జీతము ఖజానానుండియే వచ్చును; అయినను సర్కారుమీద తీర్పు చెప్పును. ఏలయనగా అతని జీతమును, పదవిని మంత్రి తన యిష్టముచొప్పున తీసివేయజాలడు. బిడ్డల మాట వినువారికి అంతటి రక్షణ కాకున్నను అందు కొంతయైన కావలెను. 2017 చట్టములో రోగి రహస్యమును కాపాడు సెక్షనును, రాష్ట్ర మానసికారోగ్య ప్రాధికారసంస్థలును, పునర్విమర్శ బోర్డులును ఏర్పడియేయున్నవి. క్రొత్తగ కనిపెట్టవలసిన యంత్రమేమియు లేదు, ఉన్నదానికి నూనె పోయవలెను.

మరియొక యాక్షేపణ నాకును కొంత సమ్మతమే: ప్రతి దుఃఖమును వ్యాధియని పేరుపెట్టి బిడ్డల నోట మాత్రలు వేయుదురేమో యని. తండ్రి పోయిన పిల్ల ఏడ్చుట వ్యాధి కాదు. పరీక్షకు భయపడుట వ్యాధి కాదు. తరగతిలో చూచినంతలో, పదిమందిలో తొమ్మిదిమందికి కావలసినది మాత్ర కాదు, వారమునకొక గంట తమ మాటకు అడ్డురాని పెద్దమనిషి. దీనికయ్యెడి వ్యయము ఆసుపత్రి వ్యయములో పదవవంతుండదు. ఆ పదవవానిని గుర్తించుటకు మాత్రము శిక్షణ కావలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలకు ఏటికి రెండుమార్లు, బడులకు ఒకమారు వచ్చి, పుట్టుకనుండి 18 ఏండ్లవరకు గల పిల్లలను పరీక్షించుచున్నవి. పళ్లు చూతురు, కండ్లు చూతురు, రక్తహీనత చూతురు. అదే బృందమున మనస్సు సంగతి తెలిసిన మనిషి యొకరుండి, ఒక పూట ఎక్కువ కూర్చుండినచో, నేను చెప్పిన కూలితల్లి దినకూలి పోగొట్టుకొని జిల్లాకు పోనక్కరలేదు.

జూను వచ్చుచున్నది, కాలేజీల కరపత్రములు ఇంటింటికి వచ్చును, వానిలో నిలువెత్తు ర్యాంకుల బొమ్మలుండును. సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా యని కౌన్సెలరు గలడను పంక్తియు ఈసారి వానిలో నుండవచ్చును. చదువరులలో బిడ్డలను చేర్చబోవువారు ఫీజు కట్టుటకు ముందు మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను: ఆ కౌన్సెలరు జీతమెవరిత్తురు, బిడ్డ చెప్పినది ఏ పుస్తకమున వ్రాయుదురు, ఆ పుస్తకమును ఎవరు చదువుదురు. శాసనసభలో మన ప్రతినిధులను అడుగవలసిన ప్రశ్నలును ఇవియే. అక్కడ నాలుగవది యొకటి చేర్చవలెను, జిల్లాకు పిల్లల పేరిట వేరుగ వ్రాసిన పద్దెంత యని.